జనరేటివ్ ఏఐ వచ్చాక బిజినెస్ ఎనలిస్టు పని – మనం తెలుసుకోవలసినవి



ఇంటర్ మొదటి సంవత్సరం నుంచి డిగ్రీ అయ్యేదాకా ఐదేళ్ళు నేను ఈ హాస్టల్లోనే ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. తర్వాత ఎంబీఏ పూర్తిచేసి, ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీలో ట్రైనీ బిజినెస్ ఎనలిస్టుగా పనిచేస్తున్నాను.

మొన్నామధ్య హాస్టల్‌కు వచ్చినప్పుడు ఫైనలియర్ చెల్లెళ్ళు నన్ను చుట్టుముట్టి ఒకటే ప్రశ్న అడిగారు. "అక్కా, ఇప్పుడన్నీ ఏఐ రాసేస్తోందట కదా, మరి మాకు ఉద్యోగాలు ఉంటాయా?" ఆ రోజు నేను "ఉంటాయిలే, భయపడకండి" అని చెప్పి బస్సెక్కేశాను. దారంతా ఆ జవాబు నాకే నచ్చలేదు. తెలిసీ తెలియని ధైర్యం చెప్పడం వల్ల ఎవరికీ మేలు జరగదు. అందుకే నాకు తెలిసినంత వరకు ఈ వ్యాసంలో వివరంగా రాస్తున్నాను.

బిజినెస్ ఎనలిస్టు అంటే ఎవరు?

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మ అడిగింది, "నువ్వు చేసే పని ఏందే బిడ్డా?" అని. ఇల్లు కట్టించుకునే ఆసామికి, కట్టే మేస్త్రీకి మధ్య నిలబడి, ఆసామికి ఏం కావాలో కనుక్కొని, మేస్త్రీకి అర్థమయ్యేలా కాగితం మీద రాసిచ్చే మనిషిని అని చెప్పాను. "అంటే మాట మోసే పనా!" అని నవ్వింది. ఒక రకంగా అది నిజమే.

ఒక బ్యాంకుకో, ఆసుపత్రికో, ప్రభుత్వ శాఖకో కొత్త సాఫ్ట్‌వేర్ కావాలనుకుందాం. దాన్ని వాడేవాళ్ళకు ప్రోగ్రామింగ్ తెలియదు. దాన్ని రాసేవాళ్ళకు ఆ ఆఫీసు పని తెలియదు. బిజినెస్ ఎనలిస్టు ఇద్దరితోనూ మాట్లాడి ఏం కావాలో తేలుస్తాడు. ఆ కావలసినవాటినే రిక్వైర్‌మెంట్లు అంటారు. వాటిని ఒక పత్రంగా రాయడం, పని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా నడుస్తుందో బొమ్మ గీయడం, సాఫ్ట్‌వేర్ తయారయ్యాక అడిగినట్టే వచ్చిందో లేదో పరీక్షించడం, అన్నీ ఈ ఉద్యోగంలో భాగాలే. ఈ వృత్తికి అంతర్జాతీయ సంస్థ ఒకటి 2003లో కెనడాలో ఏర్పడింది. దాని పేరు ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిజినెస్ ఎనాలిసిస్. బీకాం, బీఎస్సీ, ఎంబీఏ ఏది చదివినా ఇందులోకి రావచ్చు. ప్రోగ్రామింగ్ అంతగా రాకపోయినా ఐటీ రంగంలోకి అడుగుపెట్టడానికి మనలాంటివాళ్ళకు ఇదొక దారి.

జనరేటివ్ ఏఐ అంటే ఏమిటి?

2017లో గూగుల్ పరిశోధకులు 'ట్రాన్స్‌ఫార్మర్' అనే కొత్త పద్ధతిని ప్రకటించారు. దాని మీద ఆధారపడి అమెరికాలోని ఓపెన్ ఏఐ సంస్థ 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీని విడుదల చేసింది. ఆ తర్వాత గూగుల్ జెమిని, మైక్రోసాఫ్ట్ కోపైలట్ వంటివి వరసగా వచ్చాయి.

ఇవి పనిచేసే తీరును సులభంగా చెప్పుకుందాం. ఈ యంత్రానికి లెక్కలేనంత రాత సామగ్రిని చూపించి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్పిస్తారు. మనం ప్రశ్న అడిగితే ఆ అంచనాతోనే మాట వెనక మాట పేర్చుకుంటూ పోతుంది. అందుకే దాని రాత చదవడానికి సాఫీగా ఉంటుంది. అయితే సాఫీగా ఉన్నదంతా నిజం కాకపోవచ్చు. మన క్లాసులో జవాబు తెలియకపోయినా అడిషనల్ షీట్లు అడిగి మరీ నింపే అమ్మాయి ఒకరు ఉంటారు కదా! చక్కని చేతిరాత, సైడ్ హెడ్డింగులు, కింద గీతలు అన్నీ ఉంటాయి. జవాబు మాత్రం కొన్నిసార్లు సొంత కల్పన. ఏఐ కూడా ఒక్కోసారి అలాగే చేస్తుంది.

ఏ పనులు మారిపోయాయి?

నేను చూసినంతలో మారినవి ఇవి.

మొదటిది మీటింగ్ వివరాలు. ఇదివరకు రెండు గంటల మీటింగ్ జరిగితే, ఎవరు ఏమన్నారో రాసి పంపేసరికి కొత్తగా చేరినవాళ్ళకు సగం రోజు పట్టేది. ఇప్పుడు మీటింగ్ జరుగుతుండగానే మాటలు అక్షరాలుగా మారుతున్నాయి. అయిపోగానే సారాంశం చేతికొస్తుంది.

రెండవది రిక్వైర్‌మెంట్ల పత్రం, యూజర్ స్టోరీలు. యూజర్ స్టోరీ అంటే "ఫలానా మనిషిగా నాకు ఫలానా సౌకర్యం కావాలి, ఎందుకంటే ఫలానా ప్రయోజనం కోసం" అని ఒక్క వాక్యంలో రాసేది. దాని కింద, పని పూర్తయినట్టు ఎలా తెలుస్తుందో నాలుగైదు షరతులు రాస్తారు. ఇలాంటివి ముప్పై రాయాలంటే రెండు మూడు రోజులు పట్టేది. ఏఐకి విషయం చెబితే చిత్తుప్రతి నిమిషాల్లో ఇస్తుంది.

మూడవది డేటా. "గత మూడు నెలల్లో ఏ జిల్లాలో ఎక్కువ దరఖాస్తులు తిరస్కరించారు?" అని మామూలు మాటల్లో అడిగితే, దానికి కావలసిన ఎస్‌క్యూఎల్ క్వెరీ రాసిస్తుంది. నాలుగవది పరీక్షలు. సాఫ్ట్‌వేర్‌ను ఏయే విధాలుగా పరీక్షించాలో జాబితా ఇస్తుంది. వంద పేజీల పాత పత్రానికి, కొత్త పత్రానికి తేడాలు ఏమిటో కూడా చూపిస్తుంది.

ఇది ఊరికే చెప్పుకునే గొప్ప కాదు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2023లో 450 మందికి పైగా చదువుకున్న ఉద్యోగుల చేత ఆఫీసు రాతపనులు చేయించి చూశారు. చాట్‌జీపీటీ వాడినవారికి పట్టిన సమయం సుమారు 40 శాతం తగ్గింది. రాత నాణ్యత 18 శాతం పెరిగింది.

నేను చేసిన తప్పు

ఉద్యోగంలో చేరిన రెండో నెలలో జరిగిన సంగతి ఇది. ఒక ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో క్లెయిముల విభాగం వారితో మీటింగ్ జరిగింది. ఆ మాటల రికార్డు నాకిచ్చి రిక్వైర్‌మెంట్లు రాయమన్నారు. కంపెనీ ఇచ్చిన ఏఐ సాధనంలో వేశాను. పది నిమిషాల్లో ఆరు పేజీలు వచ్చాయి. నా ఇంగ్లీషు కన్నా ఎన్నో రెట్లు బాగుంది. తెలుగు మీడియంలో చదివిన నాకు ఆ ఇంగ్లీషు చూడగానే కళ్ళు చెదిరాయి. పైపైన చదివి పంపేశాను.

మరుసటి రోజు మా టీమ్ లీడ్ మేడమ్ పిలిచి ఒక వాక్యం మీద వేలు పెట్టారు. కస్టమర్ పత్రాలు పంపిన 48 గంటల్లోగా జవాబు వెళ్ళాలని అందులో ఉంది. "ఈ 48 గంటలు ఎవరు చెప్పారమ్మా?" అని అడిగారు. రికార్డు మొత్తం మళ్ళీ విన్నాను. ఎవరూ చెప్పలేదు. "తొందరగా జవాబు పోవాలి" అన్నారంతే. 48 అనే అంకెను యంత్రం పెట్టింది, నేను సంతకం చేసినట్టుగా ముందుకు పంపాను. అది అలాగే పోయి ఉంటే ప్రోగ్రామర్లు దాని ప్రకారమే తయారుచేసేవారు. రేపు ఆలస్యమైతే జవాబు చెప్పుకోవలసింది కంపెనీ. మేడమ్ కోప్పడలేదు. "ప్రతి వాక్యం పక్కన ఎవరు చెప్పారో పేరు రాయి. పేరు లేని వాక్యం కొట్టెయ్" అన్నారు. అప్పటినుంచి నా పత్రాల్లో 'ఎవరు చెప్పారు' అనే గడి తప్పకుండా ఉంటుంది.

బయటి ప్రపంచంలో ఇంతకన్నా పెద్దవే జరిగాయి. ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, దగ్గరి బంధువు చనిపోయి ప్రయాణం చేసిన ఒకాయనకు ఛార్జీ రాయితీ గురించి తప్పు చెప్పింది. చాట్‌బాట్ మాటకు తమ బాధ్యత లేదన్నట్టు సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదనను ఒప్పుకోక, ఆయనకు పరిహారం ఇవ్వమని తీర్పు చెప్పింది. యంత్రం ఏం రాసినా, చివరికి జవాబు చెప్పవలసింది మనుషులే అని దీనివల్ల మనకు తెలుస్తోంది.

మన మెస్ మీద ఒక ప్రయోగం

ఏఐ ఎక్కడ బాగా పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు బాగా అర్థమైంది మన హాస్టల్ వల్లనే. ఒక ఆదివారం సరదాగా నా ఫోనులో "సంక్షేమ హాస్టల్ మెస్‌లో హాజరు తీసుకునే యాప్‌కు రిక్వైర్‌మెంట్లు రాయి" అని అడిగాను. నిమిషంలో పాతిక అంశాలు ఇచ్చింది. వార్డెన్‌కు లాగిన్, భోజనం వేళ వేలిముద్ర, నెలవారీ రిపోర్టు, అనుమానం ఉంటే హెచ్చరిక. చూస్తే ఏ లోటూ కనబడలేదు.

తర్వాత మన వంట అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, హాజరు లెక్క నీకు ఎప్పుడు కావాలి?" అని అడిగాను. "బియ్యం కడగకముందు కావాలమ్మా. అందరూ తిన్నాక లెక్క చెబితే నేనేం చేసుకోను?" అంది. చూశారా! యాప్ భోజనం వేళ లెక్క తీస్తుంది. వంట అక్కకు సాయంత్రం ఐదింటికే లెక్క కావాలి. ఆ తర్వాత సెకండియర్ చెల్లెలితో మాట్లాడాను. "ప్రాక్టికల్స్ అయ్యి ఆఖరి బస్సుకు వచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతుందక్కా. నా అన్నం ఉంటుందో లేదో తెలిస్తే చాలు" అంది.

హాజరు అనే ఒక్క మాట ముగ్గురికి మూడు రకాలు. వార్డెన్ మేడమ్‌కు అది బిల్లు. వంట అక్కకు అది బియ్యం కొలత. ఆలస్యంగా వచ్చే పిల్లకు అది తన కంచం. నేను ఏఐని వార్డెన్ వైపు నుంచి మాత్రమే అడిగాను, అది ఆ వైపు నుంచి మాత్రమే చెప్పింది. వంట అక్క ఫోన్ నంబరు దానికి తెలియదు, తెలిసినా ఆమెను అడగాలని దానికి తోచదు.

వేలిముద్ర సంగతి కూడా చెప్పాలి. "వేలిముద్ర పడకపోతే ప్రత్యామ్నాయ పద్ధతి ఉండాలి" అని ఏఐ ఒక లైను రాసింది. చదివేటప్పుడు సరిగ్గానే ఉంది. కానీ నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి మిరపకాయలు ఏరి ఏరి ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ మీద ఐదు వేళ్ళూ మార్చి మార్చి పెట్టేది. వెనక వరసలో వాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఒక్కోసారి ఉత్త సంచితో తిరిగొచ్చేది. ఆ ప్రత్యామ్నాయం ఏమిటి, ఎవరు ఒప్పుకోవాలి, ఒప్పుకునేదాకా మనిషి ఆకలితో నిలబడాలా అనేవి ఆ ఒక్క లైనులో లేవు. ఆ వరసలో నిలబడ్డవాళ్ళకు ఈ ప్రశ్నలు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇంకొక చిన్న విషయం. వంట అక్క చివర్లో "ఏదోలా సర్దుకుంటున్నాంలే అమ్మా" అంది. ఇలాంటి మాటను యంత్రానికిస్తే "ప్రస్తుత విధానంతో ఇబ్బంది లేదు" అని రాసే ప్రమాదం ఉంది. సర్దుకుంటున్నాం అంటే ఇబ్బంది ఉందనే అర్థమని మనకు తెలుసు. అక్కడ ఆగి, "ఏం సర్దుకుంటున్నావక్కా?" అని అడిగితేనే అసలు సంగతి బయటికొస్తుంది.

ముగ్గురి మాటలూ రాసుకుని మళ్ళీ ఏఐకి ఇచ్చాను. ఈసారి అది చాలా మంచి పత్రం ఇచ్చింది. సాయంత్రం లెక్క, ఆలస్యంగా వచ్చేవారి కంచం, నెట్‌వర్క్ లేకపోతే ఏం చేయాలి, అన్నీ క్రమంగా పేర్చింది. నేను మరచిన రెండు సందర్భాలు కూడా గుర్తుచేసింది. కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. విన్న తర్వాత అది మంచి సహాయకురాలు. వినే పని మాత్రం మనదే.

మరి మన ఉద్యోగాల మాటేమిటి?

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. భయపడవలసిన విషయం కొంత ఉంది.

మీటింగ్ వివరాలు, చిత్తుప్రతులు, పరీక్షల జాబితాలు ఇన్నాళ్ళూ ఎవరు రాసేవారు? కొత్తగా చేరినవాళ్ళే. ఆ పనులు చేస్తూ చేస్తూనే వ్యాపారం ఎలా నడుస్తుందో నేర్చుకునేవారు. ఇప్పుడు సరిగ్గా ఆ పనులే యంత్రం చేస్తోంది. అంటే నిచ్చెనలో మొదటి మెట్టు సన్నబడుతోంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో జీతాల రికార్డులు పరిశీలించి, ఏఐ ప్రభావం ఎక్కువగా ఉన్న ఉద్యోగాల్లో 22 నుంచి 25 ఏళ్ళవారి ఉపాధి మిగతావారితో పోలిస్తే 13 శాతం తగ్గిందని చెప్పారు. అవే ఉద్యోగాల్లో అనుభవం ఉన్న పెద్దవారికి అంత దెబ్బ తగలలేదు. మన దేశంలో 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. దానికి ఏఐ కారణం కాదని, నైపుణ్యాలు సరిపోకపోవడమే కారణమని కంపెనీ చెప్పింది. ఏది ఏమైనా, పాత నైపుణ్యాలతో కాలం గడవదని అర్థమవుతూనే ఉంది.

మామయ్యో, బాబాయో కంపెనీలో ఉన్నవాళ్ళకు మొదటి మెట్టు సన్నగా ఉన్నా పైనుంచి చెయ్యి అందించేవాళ్ళుంటారు. మనకు ఆ మెట్టే ఆధారం. అందుకే ఈ విషయం మనం మిగతావాళ్ళకన్నా ముందే తెలుసుకోవాలి.

ఇంకొక పరిశోధన కూడా చెబుతాను. 2023లో హార్వర్డ్ వారు, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపులోని 758 మంది కన్సల్టెంట్లతో ఒక ప్రయోగం చేశారు. ఏఐకి చేతనైన పనుల్లో, అది వాడినవారు పనిని 25 శాతం వేగంగా, ఇంకా మెరుగ్గా చేశారు. కానీ దానికి చేతకాని ఒక సమస్య ఇచ్చినప్పుడు, ఏఐ వాడినవారు సరైన జవాబు చెప్పే అవకాశం వాడనివారికన్నా 19 శాతం పాయింట్లు తగ్గింది. ఏ పనికి వాడాలో, ఏ పనికి వాడకూడదో తెలిసినవారికే ఏఐ ఉపయోగం. అది తెలియాలంటే ముందు ఆ పని మనకు చేతితో వచ్చి ఉండాలి. ఎక్కాలు వచ్చినవాళ్ళకే క్యాలిక్యులేటర్‌లో తప్పు నొక్కితే తెలుస్తుంది.

మనం ఏం చేయాలి?

1. ముందు చేత్తో రాయండి. హాస్టల్లోనే ఏదో ఒక పని తీసుకోండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు, లైబ్రరీ పుస్తకాలు, మెస్ ఇండెంట్, ఏదైనా సరే. ముగ్గురితో మాట్లాడి, పని ఎలా నడుస్తుందో బొమ్మ గీసి, ఐదు యూజర్ స్టోరీలు సొంతంగా రాయండి. ఆ తర్వాతే ఏఐని అడిగి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీ దాంట్లో లేనిదేమిటో, దాని దాంట్లో లేనిదేమిటో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి.

2. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ పునాదులు నేర్చుకోండి. యంత్రం రాసిచ్చిన క్వెరీ తప్పో ఒప్పో తేల్చగలిగేంత వస్తే చాలు.

3. ఇంగ్లీషు గురించి కుంగిపోకండి. వాక్యం దిద్దడానికి ఏఐని ధైర్యంగా వాడుకోండి. ఈ విషయంలో అది మనలాంటివాళ్ళకు నిజంగా మేలు చేసింది. అయితే మీటింగ్‌లో నోటితో అడగవలసింది మనమే కాబట్టి, స్టడీ అవర్ తర్వాత రోజుకు పది నిమిషాలైనా మాట్లాడటం సాధన చేయండి.

4. ఇతరుల వివరాలు బయటి ఏఐలో పెట్టకండి. ఆధార్ నంబర్లు, కస్టమర్ల పేర్లు, కంపెనీ పత్రాలు అందులో వేయడం ప్రమాదం. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కంపెనీ కోడ్‌ను చాట్‌జీపీటీలో వేయడంతో ఆ సంస్థ అలాంటి సాధనాల వాడకాన్నే ఆపేయవలసి వచ్చింది. మన దేశంలో కూడా వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం చేశారు.

5. ప్రతి వాక్యాన్ని "ఎవరు చెప్పారు?" అని అడగండి. ప్రాజెక్టు రిపోర్టయినా, సెమినార్ పేపరయినా ఇదే పద్ధతి.

చివరగా

చెల్లెళ్ళారా, ఆ రోజు మీరడిగిన ప్రశ్నకు ఇదీ నా జవాబు. ఉద్యోగాలు ఉంటాయి, కానీ కాగితం రాసేవాళ్ళుగా కాదు. ఎవరూ అడగని మనిషిని వెతికి అడిగేవాళ్ళుగా, యంత్రం రాసినదాని కింద ధైర్యంగా తమ పేరు పెట్టగలిగేవాళ్ళుగా. అలాంటి ఉద్యోగాలు ఎన్ని ఉంటాయో నేను లెక్క చెప్పలేను. నాది కూడా ఇంకా ట్రైనీ ఉద్యోగమే, వచ్చే ఏడాది పర్మనెంట్ అవుతుందో లేదో నాకూ తెలియదు. అందుకే పైన రాసినవన్నీ మీకు చెప్పడమే కాదు, రోజూ నేనూ చేస్తున్నాను.

పోయినసారి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకు మెస్ యాప్ సంగతి అంతా చెప్పాను. మొత్తం విని, "మరి వేలిముద్ర పడని పిల్లకు అన్నం పెడతారా లేదా, అది రాశావా?" అని అడిగింది. రాశాను. పక్క గడిలో 'ఎవరు చెప్పారు' అన్నచోట అమ్మ అని పెట్టాను.

మీలో ఎవరికి ఏ సందేహం ఉన్నా, ఈసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు నిలదీసి అడగండి. ఈసారి తొందరపడి బస్సెక్కను.